జగ్గులో పాసు, అంచులో ఫెయిలు

పోయిన వారం మా ఊరి బడిలో పేదపిల్లలకు కళలు నేర్పే శిబిరం పెట్టారు. పట్నం నుంచి నలుగురు చదువుకున్న పిల్లలు గుడ్డసంచులు తగిలించుకొని వచ్చారు. నన్ను ముఖ్య అతిథిని చేశారు. ముఖ్య అతిథి అంటే ఏమిటో ఈ వయసుకు నాకు బాగా తెలుసు. ఎండ పడే కుర్చీలో కూర్చోబెడతారు, పని చెయ్యని మైకు ఇస్తారు, మే నెలలో శాలువా కప్పుతారు. కప్పగానే నేను దాన్ని తిరగేసి వెనకవైపు చూశాను. అది మా ఇంటి అలవాటు. మిల్లు సరుకు, ఒక్క ఉతుకు కూడా ఆగేది కాదు. నిర్వాహకురాలు, పాతికేళ్ళ అమ్మాయి, చెవి దగ్గర వంగి, "వీళ్ళకి ఆర్ట్ అంటే అసలు ఎక్స్‌పోజరే లేదు మేడమ్, మేమే ఫస్ట్" అంది. తల ఊపాను. ఫస్ట్ అనుకునేవాళ్ళను నేను చూడటం అది మొదటిసారి కాదు.

కుర్చీ మీద ఎర్ర ప్లాస్టిక్ జగ్గు పెట్టి, చూసి వెయ్యమన్నారు. పిల్లలు వేస్తున్నారు. మూడో వరసలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి జగ్గు చెవిని ఎడమపక్క వేసింది. కుర్చీ మీది జగ్గుకు చెవి కుడిపక్క ఉంది. నిర్వాహకురాలు వంగి, "చూడు నాన్నా, చెవి ఏ పక్కుంది?" అని ముద్దుగా అడిగింది. ఎవరింటి పిల్ల అని పక్కనున్న హెడ్మాస్టరును అడిగితే, సాలోళ్ళ వీధి పిల్ల అన్నాడు. మా వీధి, నేతగాళ్ళ వీధి. ఇక కూర్చోలేకపోయాను. లేచి, ఆ కాగితం ఒకసారి ఇమ్మని తీసుకొని కిటికీ దగ్గరికి నడిచాను. మోకాళ్ళ నొప్పితో నేను కిటికీ చేరేలోపల ఇంకో జగ్గు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను కిటికీ దాకా ఎందుకు పోయానో మీకు తెలియదు.

కోడుమూరుకు ఆమడ దూరంలో ఉన్న మా ఊళ్ళో, మా ఇంట్లో రెండు గుంటమగ్గాలుండేవి. ఒకదాంట్లో నాయన, ఒకదాంట్లో ఆయన్ను కన్న మా జేజి. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేది లేదు. ఇల్లంతా పులిసిన జొన్నగంజి వాసన. పోగులకు పట్టించే ఆ గంజి, మేము తాగే గంజి, రెండూ ఒకే పొయ్యి మీద ఉడికేవి. కరువొచ్చిన ఏడు ముందు పోగులకు పట్టించి తర్వాత మనుషులు తాగేవాళ్ళు. అమ్మ వాకిట్లో రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. నేను బడి నుంచి వచ్చి అమ్మ పక్కన కూర్చునేదాన్ని. బూజు పట్టిన తడి నూలు వాసన ఈనాటికీ ఎక్కడన్నా తగిలితే నాకు ఆకలేస్తుంది.

జేజి నశ్యం పీల్చేది. తిట్టేది. ప్రతి గుడ్డనూ తిరగేసి చూసేది. పెళ్ళికి పోతే పెళ్ళికూతురు మొహం చూడకముందే కొంగు తిరగేసేది. గుళ్ళో అమ్మవారికి కట్టిన చీర కుచ్చిళ్ళు కూడా ఎత్తబోతే పూజారి చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందుపక్క ఎవుడికైనా బాగుంటాది. ఎనకపక్క చూస్తే గదా నేసినోడు ఎట్లాంటోడో తెలిసేది" అనేది. మనుషులను కూడా ఆమె అట్లాగే చూసేది కాబట్టి మా ఇంటికి చుట్టాలు తక్కువ.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మా ఇంట్లో అంచుకు పువ్వులూ పిట్టలూ వేసేటప్పుడు గుడ్డ బోర్లా ఉండేది. మంచి ముఖం గుంటలోకి, వీపు మనవైపుకు. నేసే మనిషికి కనపడేదల్లా వెనకవైపే. పిట్ట కుడికి చూడాలంటే మనం ఎడమకు చూసేటట్టు నెయ్యాలి. కిందనుంచి మొదలుపెట్టి, వరస తర్వాత వరస, లెక్కతో. బొమ్మ కాగితం మీద ఉండదు, నోట్లో ఉంటుంది. "రెండెత్తు, మూడిడుపు, ఒకటెత్తు" అని ఎత్తాల్సిన పోగులూ విడవాల్సిన పోగులూ జేజి గొణుగుతూ ఉంటే గుంటలో మామిడిపిందె పుట్టేది. పొద్దు గూకేముందు చిన్న అద్దం గుడ్డ కిందకు తోసి ఒక్కసారి చూసుకొనేది, అంతే. ఈ తిరకాసు మాకు ఎవరూ నేర్పలేదు. అ ఆలు రాకముందే మా వీధి పిల్లలకు వచ్చేది.

అట్లాంటి వీధికి కళ వచ్చింది. తెచ్చినాయన కర్నూలు వకీలుగారు. ఆయన ఒక సంఘం పెట్టి, చందాలు పోగుచేసి, మా బడికి డ్రాయింగు మాస్టరును వేయించాడు. ప్రారంభోత్సవం రోజున బల్ల ఎక్కి, "ఈ సీమ బిడ్డలకు అన్నం ఎంత అవసరమో కళ అంత అవసరం" అన్నాడు. ఆ ఏడు చినుకు పడలేదు. వెనక నిలబడిన నాయన పక్కాయనతో, "రెండూ లేవు గదప్పా, ఏది ముందిస్తాడంట?" అన్నాడు. వకీలుగారు ముందు కళే ఇచ్చాడు. దానితో పాటు ఒక మాట కూడా ఇచ్చాడు. సంఘం పెట్టే డ్రాయింగు పరీక్ష ప్యాసైన ఆడపిల్లను ఆయన సంఘమే కర్నూలు ట్రెయినింగు స్కూల్లో చేర్చి, తిండీ గుడ్డా చూసి, టీచరును చేస్తుందని.

ఆ మాట నా చెవిలో పడింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఎనిమిదో తరగతి అయిపోతే నేను ఎక్కడ కూర్చోవాలో ఇంట్లో నిర్ణయమైపోయింది. మూడో మగ్గానికి గుంట కూడా తవ్వి పెట్టారు. రోజూ బడికి పోయేటప్పుడు దాని పక్కనుంచే పోవాలి. ఆ గుంట అంటే నాకు భయం. అమ్మ దగ్గు, జేజి వంకర కాళ్ళు, అవన్నీ దాంట్లోంచే వచ్చాయని నాకు తెలుసు. నాయనను అడిగితే, "ప్యాసైతే పో. తప్పితే గుంటలోకి దిగు. మళ్ళీ అడగొద్దు" అన్నాడు. మా నాయన మాట ఇస్తే దాన్ని ఆయన కూడా వెనక్కి తీసుకోలేడు.

మాస్టరు పేరు సూర్యనారాయణగారు. గోదావరి పక్క మనిషి. సన్నగా, తెల్లగా, చంకలో గొడుగు. వానలేని దేశంలో గొడుగుతో దిగిన మనిషిని చూడటానికి వీధి వీధంతా బయటికి వచ్చింది. మా అరుగు మీద కూర్చొని జేజిని ఆయన అడిగిన మొదటి మాట, "ఇక్కడ కాలవ ఎటువైపుందండీ, స్నానానికి?"

జేజి నశ్యం డబ్బీ మూసింది. "కాలవ యాడుంది సామీ ఈడ? బాయి ఉండాది. దాంట్లో నీళ్ళు లేవు."

ఆయన పెట్టెలోంచి పింగాణీ జగ్గు ఒకటి తీశాడు. తెల్లటిది, నీలం పువ్వులది, కుడిపక్క వంపు తిరిగిన చెవి. దాన్ని బల్ల మీద పెట్టి, చూసి వెయ్యమన్నాడు. దాంట్లో నీళ్ళుంటాయేమోనని వెనకబెంచీ పిల్లలు ముందు లేచి తొంగి చూశారు. తర్వాత నేను లేచి, "సార్, ఇది ఎన్ని పోగులు?" అని అడిగాను.

"జగ్గుకి పోగులేంటమ్మా?"

"మరి ఎట్లా వేసేది సార్?"

ఆయన నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఇరవైమంది పిల్లలం జగ్గును అడుగునుంచి మొదలుపెట్టి, వరసలు వరసలుగా పైకి కట్టుకుంటూ పోతున్నాం, గోడ కట్టినట్టు. అంతకన్నా వింత, అందరి జగ్గులకూ చెవి ఎడమపక్కనే. ఆయన ఒకరి పలక చూశాడు, ఇద్దరివి చూశాడు. పాపం, తాను నిలబడ్డ చోటే తప్పేమోనని మా బెంచీల వెనక్కి వచ్చి, అక్కడనుంచి వంగి జగ్గును చూశాడు. చెవి కుడిపక్కనే ఉంది. మళ్ళీ ముందుకు పోయి కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు సంఘానికి రాసిన ఉత్తరంలో, ఇక్కడి పిల్లలకు కుడి ఎడమలు తెలియవు అని రాశాడట. తర్వాత తానే చెప్పుకొని సిగ్గుపడ్డాడు.

చెడ్డమనిషి కాదు. ఒక్క దెబ్బ కొట్టలేదు. జగ్గు చెవి ఉన్నవైపు గొడుగు ఆనించి పెట్టి, "గొడుగెటుందో చెవి అటు" అని వెయ్యిసార్లు చెప్పాడు. ముందు బయటి గీత, తర్వాత లోపల, అన్నాడు. లోపల ఏమీ లేకుండా బయటి గీత ఎట్లా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. నా చెయ్యి నా మాట వినడానికి ఆరునెలలు పట్టింది. ఆయనకు జొన్నరొట్టె విరుచుకొని తినడం రావడానికి కూడా అంతే పట్టింది. అప్పుడప్పుడు మా ఇంట్లో తినేవాడు. కారంలో రొట్టె అద్దుకొని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "బాగుందండీ" అనేవాడు. జేజి ఆయన ఉత్తరీయం తిరగేసి చూసి, "మనిషి మంచోడే, గుడ్డలో మోసపోయినాడు" అని తీర్పు చెప్పింది.

పరీక్షకు ముందురోజు నన్ను పిలిచి, "రెండు ప్రశ్నలుంటాయి. ఒకటి జగ్గు. నీ చెయ్యి కుదిరింది, భయం లేదు. రెండోది చీర అంచు వెయ్యమంటారుట. అదొస్తే నీ అదృష్టమే. మీ ఇంట్లో ఎలా వేస్తారో అలాగే వేసెయ్యి. అందులో నేను చెప్పేదేం లేదు" అన్నాడు. ఎంత మంచి సలహా. దాని మీద నాకు ఇప్పటికీ ఒక్కోసారి కోపమొస్తుంది.

మద్రాసు నుంచి పరీక్షాధికారి కోటు వేసుకొని వచ్చాడు. ఆ ఎండలో ఆ కోటును చూస్తేనే మాకు చెమట పట్టింది. జగ్గు వేశాను. గొడుగు లేకపోయినా చెవి కుడికే వేశాను. రెండో ప్రశ్న, 'కుడివైపుకు చూసే పిట్టతో ఒక చీర అంచు'. నాకు నవ్వొచ్చింది. అంత సులభం. జొన్నకంకి మీద వాలిన పిచ్చుకను తీసుకున్నాను. చీర అని అడిగారు కదా, చీర కోసం వేసే బొమ్మ ఎట్లా వెయ్యాలో నాకు తెలుసు కదా. కిందనుంచి లెక్కపెట్టుకుంటూ, వీపు పైకి పెట్టి, పిచ్చుకను ఎడమకు తిప్పి వేశాను. ఒక కంకినుంచి ఇంకో కంకికి వెనకవైపున పోయే వదులు పోగులు కూడా దాచకుండా గీశాను. ఒక్క పోగు తప్పలేదు. అందరికన్నా ముందు ఇచ్చేసి, ఇంటికి పోతూ తవ్విపెట్టిన గుంటలోకి ఒక రాయి విసిరాను.

పదిరోజులకు కాగితాలు వెనక్కి వచ్చాయి. మాస్టరే మా ఇంటికి తెచ్చాడు. జగ్గు మీద 'ప్యాస్' అని ఉంది. అంచు మీద ఎర్రసిరాతో అడ్డగీత. 'పని మొరటు. గీతలు తెగిపోయి వేలాడుతున్నాయి. పిట్ట ఎడమకు చూస్తోంది. ఈ విద్యార్థినికి అంచు అంటే ఏమిటో తెలియదు.' మొత్తం మీద ఫెయిలు. ఏడు తరాలనుంచి అంచులు నేసి బతికిన ఇంటిపిల్ల, మాస్టరు వచ్చేదాకా ఎన్నడూ చూడని జగ్గులో ప్యాసై, అంచులో ఫెయిలైంది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. ఆ రోజు గంజికుండ పక్కన కూర్చొని, ఊపిరాడనంతగా ఏడ్చాను.

జేజి ఆ కాగితం అందుకుంది. చదువు రాదు. అలవాటుకొద్దీ తిరగేసింది. వాకిలివైపు ఎత్తి వెలుతురుకు పట్టుకొని, వెనకనుంచి వేలితో కొలుస్తూ గొణిగింది. "రెండెత్తు, మూడిడుపు, ఒకటెత్తు... బాగనే ఉండాదే. పిట్ట కుడికే చూస్తాండాది. ఎవురు తప్పన్నది?"

మాస్టరు లేచి ఆమె వెనక్కి పోయి వంగి చూశాడు, మొదటిరోజు జగ్గును చూసినట్టే. వెలుతురులో పిచ్చుక కుడికి చూస్తోంది. "ఏడాదినుంచి మీరంతా నాకు ఇలా వేశారా?" అన్నాడు.

"వాళ్ళు సరిగ్గానే వేసినారు సామీ. నువ్వే ఆపక్కన నిలబడినావు" అంది జేజి.

ఆయన ఆ మధ్యాహ్నమే బండెక్కి కర్నూలు పోయి వకీలుగారికి అంతా చెప్పాడు. వకీలుగారు విని, "మద్రాసు నుంచి వచ్చినాయనకు తెలియదంటావా?" అన్నాడట. అంతటితో విచారణ ముగిసింది. నాయన మాట నాయనది. మరుసటి సోమవారం నేను గుంటలోకి దిగాను. మొదటి వారం కాళ్ళు కూడా నావి కానట్టుండేవి. బడిగంట వినపడినప్పుడల్లా పోగు తీసుకుపోయే నాడె చేతిలోంచి జారిపోయేది.

ఆ ఫెయిలైన కాగితాన్ని జేజి మగ్గం మీది పడుగు కింద పరిచింది. "దీన్నే నెయ్యి" అంది. నాయనతో, "ఒరే, ఈ అంచు ఎవురూ కొనకపోతే పాప ఈ గుంటలోనే ఉంటాది. కొన్నారంటే తప్పు పాపది కాదు, కోటోడిది. పరీక్ష మళ్ళా రాయనీ" అంది. నాయన తన మాట వెనక్కి తీసుకోలేదు, వాళ్ళమ్మ మాటకు ఎదురూ చెప్పలేదు. మా చీరలు కొనే షావుకారు మొదటి చీర చూసి ఇట్లాంటివి ఎన్నుంటే అన్ని ఇమ్మన్నాడు. ఏడాదంతా ఆ పిచ్చుకలే నేశాను. ఆదివారాలు మాస్టరు వచ్చి అరుగు మీద కూర్చొని నాకు అంచు నేర్పాడు. నాకు. అంచు. ఇంగ్లండు నుంచి వచ్చిన పుస్తకంలోంచి తీగ ఒకటి దించమన్నాడు.

"ఇది ఏం చెట్టు సార్?"

"ద్రాక్షమ్మా."

"మీరు చూసినారా?"

"లేదు" అన్నాడు తల దించుకొని. ఇద్దరం చూడని చెట్టును ఇద్దరం కలిసి ఏడాది వేశాం. ఆ తీగతో మరుసటి ఏడు ఫస్టున ప్యాసయ్యాను. పరీక్షాధికారి 'సహజంగా ఉంది' అని రాశాడు.

బహుమతుల సభకు జేజి కూడా వచ్చింది. సర్టిఫికెట్టు ఇచ్చింది వకీలుగారి భార్య. ఆమె చెయ్యి చాపగానే చూశాను. చీర అంచున జొన్నకంకుల మీద నా పిచ్చుకలు. నేను ఫెయిలైన అంచు కట్టుకొని ఆమె నాకు ప్యాసైన కాగితం ఇస్తోంది. వంగి అందుకున్నాను. నాకు కావలసింది ఆ కాగితం. కానీ జేజి ఊరుకునే మనిషా. బల్ల దగ్గరికి వచ్చి, అంతమంది ముందు ఆమె కొంగు పట్టుకొని తిరగేసింది.

"ఏమిటమ్మా ఇది, మా తమ్ముడు మద్రాసు నుంచి తెచ్చిన చీర" అని ఆమె కొంగు లాక్కుంది.

"యాడనుంచన్నా తేనీ తల్లీ. ఇదిగో, ఈడ ఒక పోగు ఎక్కువ పడింది. ఆ పొద్దు మా పాపకు జరం" అంది జేజి.

వకీలుగారు గట్టిగా చప్పట్లు కొట్టాడు. సభ ముగిసింది.

ట్రెయినింగు అయింది, టీచరునయ్యాను. ఇంతవరకూ అందరినీ ఎగతాళి చేశాను కదా, ఇక నా వంతు. ముప్పై ఏళ్ళు నేనూ డ్రాయింగు చెప్పాను. ఒక ఏడు లక్ష్మీదేవి అనే పిల్ల, సాలోళ్ళ పిల్లే, పరీక్షలో జగ్గు చెవిని ఎడమపక్క వేసింది. అడుగునుంచి వరసలు కట్టింది. చూడగానే తెలిసింది నాకు. కాగితం తిరగేస్తే చాలు. పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చొని ఉన్నాడు, సిలబసు ఉంది, నా ఉద్యోగం ఉంది. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టాను. తెలియక కొట్టిన ఆ కోటాయనకన్నా తెలిసి కొట్టిన నేనే చెడ్డదాన్ని. మరుసటి ఏడు ఆ పిల్ల బడికి రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు.

అందుకే పోయిన వారం నేను కిటికీ దాకా పోయాను. ఆ పిల్ల కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. వెనకనుంచి చెవి కుడిపక్కకే వచ్చింది. కళ్ళు చెమర్చాయి. ఈసారి తప్పించుకోను, మైకు పని చేసినా చెయ్యకపోయినా ఈ పట్నం పిల్లలకు అంతా చెప్పేస్తాను అనుకొని, ఆ పిల్లను దగ్గరికి పిలిచాను. "నీకు ఎవురు నేర్పినారు పాపా, ఇట్లా తిరగేసి వెయ్యడం? మీ ఇంట్లో మగ్గం ఉండాదా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "మగ్గం లేదవ్వా. గుంట పూడ్చి బండలు పరిచినారు. మా నాయన ఆటో తోల్తాడు" అంది. నా చేతిలోని కాగితం వైపు చూసి, "తప్పు పోయిందవ్వా, చూసుకోలేదు. రబ్బరుందా?" అంది.

ముప్పై ఏళ్ళు టీచరు పని చేసినదాని సంచీలో రబ్బరు లేకుండా ఎట్లా ఉంటుంది. తీసి ఇచ్చాను.